బాలల నవలలు: బాలల మాటయే ప్రమాణము

కేంద్ర సాహిత్య అకాడమీ 2010వ సంవత్సరము మొదలుకొని బాలసాహిత్యమునకు ప్రత్యేకముగా నొక పురస్కారము నిచ్చుచున్నది. తెలుగునకు సంబంధించి ఆ పురస్కారము 2018లో ‘ఆనందలోకం’ వ్రాసిన నారంశెట్టి ఉమామహేశ్వరరావుగారికిని, 2019లో ‘తాత మాట వరాల మూట’ వ్రాసిన బెలగాం భీమేశ్వరరావుగారికిని లభించినది. ఇరువురును పార్వతీపురమువారే. తెలుగునాట మహానగరము లెన్నియో యుండగా, మన్యపుటంచున నున్న యొక చిన్నపట్టణమునకు వరుసగా రెండేండ్లు ఈ గౌరవము దక్కుట ఉత్తరాంధ్రమునకు గర్వకారణము. ఆ వార్త విని మన మందఱము సంతసించితిమి. కాని పిమ్మట మన పిల్లల చేతిలో ఒక పుస్తకమైనను పెట్టితిమా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలసి వచ్చినపుడు మనలో పలువురు తల వంచుకొనక తప్పదు.

ఆ పురస్కారముల పట్టికను చూచినచో మఱియొక విషయమును గోచరించును. మొదటియేడు కలువకొలను సదానందగారి ‘అడవితల్లి’ యను నవలకు బహుమానము వచ్చినది. 2024లో పి. చంద్రశేఖర ఆజాద్ గారి ‘మాయాలోకం’ అను నవలకు వచ్చినది. నడుమ నడచిన యేండ్లలో కథలు, గేయములు మున్నగువానికే ఎక్కువగా గౌరవము కలిగినది. కథలు తక్కువవని మా యభిప్రాయము కాదు. కథ పిల్లవానిని ఒక పూట ఆనందపఱచును. నవల యట్లు కాదు. అది వానిని పదిదినములు తన యింట నిలుపుకొనును. ఒక మనుష్యునితో కలసి నడచి, వాని భయము తన భయముగా, వాని ఆకలి తన ఆకలిగా అనుభవించు అభ్యాసము బాలునకు నవలవలననే కలుగును. రెండు నిమిషములకొక బొమ్మ మాఱు చేతిఫోను యుగమున, రెండువందల పుటల వఱకు ఒకే విషయముపై మనసు నిలుపగల బాలుడు రేపు న్యాయస్థానమునందైనను, వైద్యశాలయందైనను, పొలమునందైనను ధృతితో పని చేయగలడు. కావున బాలల నవల కాలక్షేపపు విషయము కాదు. జాతి యొక్క మనోబలమునకు సంబంధించిన విషయము.

ఇటీవల మేమొక పల్లెటూరి పాఠశాలకు పోవుట తటస్థించినది. అచ్చట గ్రంథాలయమని పేరు పెట్టిన బీరువా యొకటి కలదు. దానికి తాళము కలదు. తాళపుచెవి యెవరియొద్ద నున్నదో ఆనాడు తెలియరాలేదు. ఆ బీరువా ప్రక్కనే, అరుగుమీద, పదునొకండేండ్ల బాలిక యొకతె నలుగురు తోడిపిల్లలను కూర్చుండబెట్టుకొని, బిచ్చగాని కొడుకును రాజకుమారుడును బట్టలు మార్చుకొన్న వృత్తాంతము చెప్పుచున్నది. ఎక్కడనో ఒక పాతప్రతి ఆమెకు దొరకినదట. పిల్లలు నోళ్లు తెఱచుకొని వినుచున్నారు. కథ మంచిపట్టులో నుండగా ఆమె లేచి పావడ దులుపుకొని, “సివరికేటవుద్దో నాను సెప్పను, నువ్వే సదూకో” అని వెడలిపోయినది. వెంటనే ఆ ప్రతికొఱకు నలుగురిలో తగవు పుట్టినది. పుస్తకమును సిఫారసు చేయు విధానము ఇంతకంటె ఉత్తమమైనది మేమెన్నడును చూడలేదు. మన పత్రికలలోని గ్రంథసమీక్షలు చదివి ఒక పుస్తకము కొఱకు నలుగురు తగవులాడుకొన్నట్లు మేమెఱుగము!

ఇదియే మేము చెప్పదలచిన విషయము. పిల్లలకు ఏ నవల మంచిదో పెద్దలు పట్టిక వ్రాసి గోడకంటించుటవలన ప్రయోజనము లేదు. పిల్లవానికి మఱియొక పిల్లవాని మాటయే ప్రమాణము. పెద్దలు బీరువా నింపవలయును, తాళము తీయవలయును, అంతట ప్రక్కకు తొలగవలయును. పుస్తకము నెన్నుట, మెచ్చుట, తోటివారికి చెప్పుట బాలల పని.

ఇది మా చిత్తమునకు తోచిన వింతమాట కాదు. 1936లో ఇంగ్లండునందు స్టాన్లీ అన్విన్ అను ప్రచురణకర్తయొద్దకు ఒక బాలల గ్రంథము వ్రాతప్రతిగా వచ్చినది. పిల్లల పుస్తకమునకు పిల్లలే న్యాయాధికారులని నమ్మిన ఆయన దానిని తన పదేండ్ల కుమారుడు రేనర్‌కిచ్చి, చదివి అభిప్రాయము వ్రాసినందుకు ఒక షిల్లింగు కూలి యిచ్చెను. బాలుడు బాగున్నదని వ్రాసెను. తండ్రి మఱుసటియేడు దానిని ప్రకటించెను. అదియే టోల్కిన్ పండితుని ‘హాబిట్’. నేడు ఆ గ్రంథము నెఱుగని దేశము లేదు. ఒక షిల్లింగునకు కొన్న ఆ పసివాని మాట ఎంత విలువైనదో చూడుడు!

ఇంతకు పూర్వము 1881లో స్కాట్లండున వానలు ముసురుకొని యింటనుండి కదలలేని యొకానొక వేసవిలో, రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ తన భార్యయొక్క పదుమూడేండ్ల కుమారునితో కూర్చుండి ఒక ద్వీపపు పటమును గీచెను. ఆ పటమునుండియే కథ మొలచినది. వ్రాసిన అధ్యాయము వ్రాసినట్లు ఇంటిల్లిపాదికి చదివి వినిపింపగా, స్టీవెన్సన్ తండ్రియు ఉత్సాహపడి, కథలోని ముసలి నావికుని పెట్టెలో నుండవలసిన వస్తువుల జాబితాను స్వయముగా వ్రాసియిచ్చెనట. తాత, తండ్రి, మనుమడు ముగ్గురును కలసి పండించిన పంట ‘ట్రెజర్ ఐలండ్’. 1883లో అది గ్రంథముగా వెలువడినది. నండూరి రామమోహనరావుగారు దానినే ‘కాంచనద్వీపం’ అను పేర తెనిగించిరి. మన యిండ్లలో తాతయు తండ్రియు మనుమడును ఒక గ్రంథముచుట్టు కూర్చున్న దృశ్యమును చూచి యెన్నాళ్లయినది?

ఒక తరమునకు పూర్వము నవల చదువు బాలుడు చెడిపోవునని పెద్దలు భయపడెడివారు. లెక్కల పుస్తకము క్రింద నవలను దాచి చదివినవారు మన పాఠకులలోనే యెందఱో యుందురు. వారిలో అధికులు చెడిపోలేదు. ప్లీడర్లైరి, ఉపాధ్యాయులైరి, మంచి వ్యవసాయదారులైరి. నేటి భయము వేఱు. మార్కులు రాని చదువు చదువే కాదని నేటి తలిదండ్రుల సిద్ధాంతము. ఎవరైన పుస్తకము బహూకరించినను, ‘దీనిలో నీతి యేమి?’ అని పిల్లవానిని నిలదీసి, నవలను గూడ పరీక్షకాగితముగా మార్చివేయుచున్నారు. పెద్దల చెప్పుచేతలలో నున్నంతమాత్రాన విద్య రాదని గురజాడ అప్పారావుగారు విజయనగరమున కూర్చుండి ఏనాడో చూపిరి. ‘కన్యాశుల్కము’నందలి వెంకటేశమునకు గురువు లేకపోలేదు. గిరీశము వంటి గురువు దొరకుటయే వాని దౌర్భాగ్యము! గురువుగారి సాంగత్యమున ఆ బాలునకు చుట్ట కాల్చుట అబ్బినది గాని చదువు అబ్బలేదు. ఆ వెంకటేశము చేతిలో తన యీడువాడెవడైన నొక మంచి నవల పెట్టియుండినచో వాని గతి మఱొకవిధముగా నుండెడిదేమో!

బీరువా నింపుట పెద్దల పనియని చెప్పితిమి గనుక, దేనితో నింపవలెనో మాకు తోచినంత చెప్పుట మా విధి. ఇది శాసనము కాదు, ఆరంభము మాత్రమే.

మొదట, ముళ్లపూడి వెంకటరమణగారి ‘బుడుగు’. 1950ల దశకమున ఆంధ్ర వారపత్రికలో బాపుగారి బొమ్మలతో వెలువడిన ఈ గ్రంథము పెద్దలను పసివాని కంటితో చూచినది. అందు నీతిబోధ లేదు. అంతకంటె విలువైన నిజాయితీ కలదు. ఎనిమిదేండ్ల పిల్లవానికి బిగ్గరగా చదివి వినిపించుటకు ఇంతకంటె తగినది లేదు. వినిపించు పెద్దలు తమ్ము తాము అందు గుర్తుపట్టి కొంచెము సిగ్గుపడినచో అదియును మేలే.

పిమ్మట, దాసరి సుబ్రహ్మణ్యముగారి ధారావాహికలు. 1947 జూలైలో పుట్టిన ‘చందమామ’లో 1954లో ‘తోకచుక్క’తో ఆరంభించి, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’ మున్నగు అద్భుతగాథలను ఆయన వ్రాసెను. రచయిత పేరెవరో చిరకాలము పాఠకులకు తెలియదు. ఏ పండితుడును ఆ కథలను సిఫారసు చేయలేదు. ఇంటింట పిల్లలే చేసిరి. వీధికొక్క ప్రతి వచ్చినను పదియిండ్ల పిల్లలు చదివెడివారు. వచ్చు నెల యేమి జరుగునో యని బడిత్రోవలో తర్కించెడివారు. నేడు ‘చందమామ’ వెలువడుట లేదు. కాని ఆ గాథలు పుస్తకరూపమున మిగిలియున్నవి. ఆ బడిత్రోవ తర్కమును మరల పుట్టించుటయే మన పని.

మూడవది, నండూరివారు తెనిగించిన మార్క్ ట్వైన్ నవలలు. ‘టామ్ సాయర్’ చదివిన బాలుడు, తనకు విధించిన దడి సున్నపుపనిని టామ్ తోటిపిల్లలచేత, వారియొద్దనుండియే బహుమానములు పుచ్చుకొని, ఎట్లు చేయించెనో తెలిసికొని ఒకవారము నవ్వును. ‘రాజు-పేద’ చదివినవాడు నవ్వుటయేగాక ఆలోచించును. చిరుగుబట్టలలో వీధిన బడిన రాజకుమారుడు తన తండ్రి రాజ్యమున పేదలకు ఏ శిక్షలు పడుచున్నవో తన కంటితో చూచును. మండువాయిండ్లలో, తోటలు పొలములు గల కుటుంబములలో పెరుగు పిల్లలు ఈ నవలను తప్పక చదువవలయును. పాలేరు కొడుకును ‘వాడు’ అని పిలుచు పిల్లవానికి, ఆ బట్టలు తాను తొడిగినచో లోకము తన్నెట్లు చూచునో తెలియుట మేలు. సింహాసన మెక్కిన బిచ్చగాని కొడుకు దేశపు రాజముద్రతో ఏమి పని చేసెనో మేమును చెప్పము, చదివి తెలిసికొనవలసినదే.

నాలుగవది, జపాను దేశీయురాలు కురొయానాగి టెట్సుకో తన బాల్యమును గూర్చి 1981లో ప్రకటించిన గ్రంథము. తెలుగున దానిపేరు ‘రైలుబడి’. ఒక బడినుండి వెళ్లగొట్టబడిన బాలికను, పాత రైలుపెట్టెలలో బడి నడుపు కొబయాషి యను ఉపాధ్యాయుడు చేర్చుకొని, ఆమె మాటను గంటలకొలది ఓపికతో వినును. విజయనగరము జంక్షనునుండి పార్వతీపురముమీదుగా రాయగడ పోవు రైలును చూచుచు పెరిగిన పిల్లలకు ఆ బడి ఎంతయో చేరువగా తోచును. ఇది నవలయా, జ్ఞాపకమా యని పండితులు తర్కించుకొందురుగాక. పిల్లలకు ఆ భేదముతో పని లేదు.

ఇక సోవియట్ దేశము 1991లో అంతరించువఱకు మాస్కోనుండి తెలుగున అచ్చై వచ్చిన పుస్తకములను విస్మరింపరాదు. ఆ పనికై మాస్కోలో చాలకాలము వసించినవారిలో మన పొరుగున నున్న బరంపురమున జన్మించిన ఉప్పల లక్ష్మణరావుగారొకరు. చింగీజ్ ఐత్మాతొవ్ వ్రాసిన ‘తొలి ఉపాధ్యాయుడు’ చిన్నగ్రంథమే. కాని కొండపల్లెలో పశువుల కొట్టమును బాగుచేసి బడి పెట్టిన యువకుని వృత్తాంతము సీతంపేట, గుమ్మలక్ష్మీపురము కొండలలోని బాలికలకు తమ కథవలెనే వినిపించును. పండ్రెండేండ్లు దాటినవారికి మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిష్టరు పార్వతీశం’ కలదు. 1924లో మొదటిభాగము వెలువడిన ఆ నవలలో మొగల్తూరునుండి సీమకు బయలుదేరిన పార్వతీశము ఇప్పటికిని ముసలివాడు కాలేదు.

ఒక ఆక్షేపణ రాగలదు. పిల్లలకు స్వేచ్ఛ నిచ్చినచో వారు దయ్యపుకథలనో పసలేని పుస్తకములనో ఒకరికొకరు సిఫారసు చేసికొందురుగదా యని. చేసికొందురు; చేసికొననిండు. పసలేని పుస్తకము పదవపుటలోనే విసుగు పుట్టించును. ఆ విసుగును ఎఱిగినవాడే మంచి పుస్తకపు రుచిని గుర్తుపట్టును. పెద్దలు చేయవలసిన జాగ్రత్త బీరువాలోనికి వచ్చు పుస్తకములయందు గాని, బీరువానుండి పోవు పుస్తకములయందు కాదు. తోటలో మంచిమొక్కలు నాటుట యజమాని పని. ఏ చెట్టు మామిడి తియ్యనో పిల్లలకే యెక్కువ తెలియును.

మఱియొకటి. తమకు నచ్చిన నవలను పిల్లలు తమ మాటలలోనే చెప్పవలయును. మేము పాతపద్ధతి నంటిపెట్టుకొని ఈ గ్రాంథికమున వ్రాయుచున్నాము. కాని ఆ అరుగుమీది బాలికచేత గ్రాంథికము మాట్లాడించినచో శ్రోతలు నలుగురును లేచిపోయెడివారు. 1863లో శ్రీముఖలింగము చేరువ పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తిగారు జీవితమెల్ల పోరాడినది ఈ సత్యము కొఱకే. ఆయన సవరభాష నేర్చి, సవరల పిల్లలకు వారి పలుకులోనే పుస్తకములు వ్రాసెను. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగుభాషా దినోత్సవముగా జరుపుచు, వేదికపై పిల్లలచేత కంఠస్థము చేయించిన ఉపన్యాసములు చెప్పించుట ఆయనకు గౌరవము కాదు. ఆనాడు ప్రతి బడిలోను ప్రతి పిల్లయు తనకు నచ్చిన నవలను తన యింటిభాషలో, అది సవరయైనను, శ్రీకాకుళపు యాసయైనను, తోటివారికి చెప్పనిండు. ఎవరును దిద్దరాదు. ఎవరును నవ్వరాదు.

ఈ పని మన జిల్లాలలో మఱింత యవసరము. మన తీరపు మత్స్యకారులు గుజరాతునందలి వేరావలు రేవునకు పోయి నెలలతరబడి పడవలపై నుందురు. కూలీలు హైదరాబాదు, చెన్నపట్టణములకు వలస పోవుదురు. వారి పిల్లలు అమ్మమ్మలయొద్ద, నాయనమ్మలయొద్ద పెరుగుచున్నారు. సాయంకాలమైనచో వారికి తోడెవరు? ఫీజు కట్టలేని తండ్రి, చదువుకై తపించు కొడుకు – ఈ యిరువురి వేదనను విజయనగరపు చాసోగారు ‘ఎందుకు పారేస్తాను నాన్నా’ యను కథలో చిత్రించిరి. నేడు ఫీజు బాధ కొంత తగ్గియుండవచ్చును. పుస్తకపు టాకలి తీరలేదు.

సాధనములు మనకు లేకపోలేదు. 1914 ఏప్రిలు 10న బెజవాడలో తొలి ఆంధ్ర గ్రంథాలయ మహాసభ జరిపిన జాతి మనది. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నుతోబాటు గ్రంథాలయపు పన్నును మనమే చెల్లించుచున్నాము. చెల్లించిన పన్నుతో బాలలకు ఏ పుస్తకములు కొన్నారని అడుగు హక్కు మనకు కలదు; అడుగుట మన విధియును. శ్రీకాకుళమున కాళీపట్నము రామారావుగారు తమకు వచ్చిన పురస్కారపు ధనమును వెచ్చించి 1997 ఫిబ్రవరి 22న ‘కథానిలయము’ను తెఱచిరి. తెలుగు కథకొక ఇల్లు కట్టిన ఆయన కోటీశ్వరుడు కాడు. ఉద్యోగవిరమణ చేసిన బడిపంతులు. ఆయన కథకొఱకు చేసిన పనిలో శతాంశమైనను బాలల నవలకొఱకు మనము చేయలేమా?

చేయదగిన పని చిన్నదే. ప్రతి బడిలోను శనివారమొక గంట నవలకు విడువవలయును. ఆ గంటలో ఉపాధ్యాయుడు వెనుకబల్లపై కూర్చుండవలయును. నవల చదివిన పిల్ల ముందు నిలువవలయును. బీరువాకు తాళమునకు బదులు ఒక నోటుపుస్తకము వ్రేలాడవలయును. చదివినవాడు తన పేరును, ‘ఇది చదువు’ అనియో ‘ఇది వలదు’ అనియో ఒక్క వాక్యమును అందు వ్రాయవలయును. తరువాతివానికి ఆ వాక్యమే దారి చూపును. ఒక బస్తా ధాన్యపు వెలతో బీరువాలో ఒక అఱ నింపవచ్చును. పంట యింటికి వచ్చిన సంక్రాంతికి పిల్లలకు క్రొత్తబట్టలతో బాటు ఒక నవల, పాలేరు పిల్లలకును తప్పక ఒక నవల ఇచ్చుట భూవసతి గల గృహస్థులకు భారము కాదు. అరసవల్లి రథసప్తమినాడు, విజయనగరమున పైడితల్లి సిరిమానోత్సవమునాడు, బూరలు, బుడగలు అమ్ము అంగళ్ల నడుమ బాలల నవలల అంగడి యొకటి పెట్టుట పట్టణమునందలి వర్తకసోదరులకు కష్టము కాదు.

స్వతంత్రమైన జాతికి స్వతంత్రముగా చదువు పిల్లలు కావలయును. తనకు నచ్చినది నచ్చినదని, నచ్చనిది నచ్చలేదని పదిమందిలో నిలిచి చెప్పగల బాలిక రేపు పంచాయతీ సభలోను నిలిచి చెప్పగలదు. ఆ ధైర్యమునకు బీజము శనివారపు గంటలో పడును. కావున పెద్దలారా, ముందు ఆ తాళపుచెవి ఎక్కడ నున్నదో వెదకుడు.